పిలిచి తెచ్చుకున్న విజేతలు

1532లో పిజారో అనే స్పెయిన్ సేనాని కేవలం 168 మందితో పెరూ కొండలెక్కి, ఇంకా సామ్రాజ్య చక్రవర్తి అతహువాల్పాను బందీగా పట్టుకున్నాడు. అంతకు పదకొండేళ్ల ముందు, 1521లో, కోర్టెస్ మెక్సికోలో ఆజ్టెక్ రాజధానిని నేలమట్టం చేశాడు. ఇంత కొద్దిమంది అంత పెద్ద రాజ్యాలను ఎలా గెలిచారు?

తుపాకులూ గుర్రాలూ ఉన్నమాట నిజమే. కానీ ఆజ్టెక్‌లతో పాత పగ ఉన్న త్లాస్కలా వారు వేలాదిగా కోర్టెస్ పక్షాన నిలబడ్డారు. అతహువాల్పా సవతి సోదరుడు వాస్కర్‌తో సింహాసనం కోసం పోరాడి గెలిచి, ఇంకా ఊపిరి పీల్చుకోకముందే పిజారో వచ్చి పడ్డాడు. వీటికి తోడు, ఆ జనం ఎన్నడూ ఎరుగని మశూచి తెల్లవారి వెంట వచ్చి, కత్తి కన్నా ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుంది.

ఇది సముద్రాల అవతలి కథే కాదు. తెరుబలిలో విజయనగరం వైపు రైలెక్కితే దారిలో బొబ్బిలి వస్తుంది. 1757 జనవరి 24న అక్కడ జరిగిన యుద్ధం మనకు తెలిసిందే. విజయనగరం రాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్లాడు. కోట కూలింది. తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజూ హతుడయ్యాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచివారిని వెళ్లగొట్టడానికి ఇంగ్లీషువారిని పిలిచాడు. క్లైవు కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు.

ఫ్రెంచివారు పోయారు గాని, పిలిచిన చుట్టం మాత్రం కదల్లేదు. కంపెనీ బకాయిల లెక్కలు తీసింది, సైన్యాన్ని తగ్గించమంది, చివరికి చిన విజయరామరాజును ఊరు విడిచి మచిలీపట్నం వెళ్లమంది. ఆయన వెళ్లలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర యుద్ధంలో ప్రాణం విడిచాడు. బొబ్బిలి నుంచి పద్మనాభానికి 37 ఏళ్లు పట్టింది. ఇద్దరు తెలుగు రాజుల తగవులో లాభం మూడోవాడి ఖాతాలో జమపడింది.

కొండల మీద, మన రాయగడ, కొరాపుట్ ప్రాంతాలున్న జయపురం జమీందారీలో కథ కొంచెం వేరు. 1775లోనే కెప్టెన్ మాథ్యూస్ జయపురం కోటను పడగొట్టాడు. అయినా కంపెనీ అక్కడ కాపురం పెట్టలేదు. కప్పం తీసుకుని దూరంగానే ఉంది. కారణం మన్యపు జ్వరం. మెక్సికోలో రోగం వచ్చినవారికి తోడైతే, ఇక్కడ ఉన్నవారికి కాపలా కాసింది. దొరతనం వారి అధికారి జయపురంలో మకాం పెట్టింది 1863లో. ఆ జ్వరాన్ని దోమ మోసుకొస్తుందని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో.

అధికారి వెనుక రోడ్డు వచ్చింది, రోడ్డు వెంట షావుకారు వచ్చాడు. ఈ మాట మనం కాస్త ఓర్పుగా వినాలి. పల్లం నుంచి వచ్చిన ఆ వర్తకుల్లో మన తెలుగువారూ ఉన్నారు. ఉప్పుకూ, బట్టకూ, పెళ్లికీ ఇచ్చిన అప్పు పెరిగి పెరిగి భూమిని మింగింది. అందుకే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో కొండవారి భూమి ఇతరుల చేతికి పోకుండా చట్టం తెచ్చి, వడ్డీకీ హద్దు పెట్టింది. బ్యాంకు ఉద్యోగిగా నాకు తెలిసిన సంగతి ఒకటుంది. చదవలేనివాడి చేత వేయించిన వేలిముద్ర ఫిరంగి కన్నా తక్కువదేమీ కాదు.

1936లో ఈ ప్రాంతం ఒరిస్సాలో చేరింది. మనమూ ఇక్కడివారమే అయ్యాం. పిల్లలకు బొబ్బిలి కథ చెప్పేటప్పుడు పాపారాయుడి పౌరుషం దగ్గరే ఆపకండి. పద్మనాభం దాకా చెప్పండి. ఆ తర్వాత పక్క ఊళ్లోని కోంధు రైతు పొలం సంగతీ చెప్పండి. అప్పుడే ఆ లెక్క పూర్తవుతుంది.