జడ్జికి జీతమిచ్చేది మనమే, వణుకు ఏంటికి?

కల్యాణదుర్గం, పెనుకొండ, గుత్తి... ఏ కోర్టుకైనా పోండి, ఒకే తీరు. దఫేదారు వాకిట్లోకొచ్చి పేరు మూడుసార్లు పిలుస్తాడు. పిలుపు ఇనపడితే చాలు, చెట్టు కింద ఉన్న రైతు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని ఉరుకుతాడు. లోపల రెండు నిమిషాలు చేతులు కట్టుకొని నిలబడతాడు. లాయర్లు ఇంగ్లీషులో ఏందో మాట్లాడుకుంటారు. బయటికొచ్చి ఏమైందంటే ‘వాయిదా’ అంటారు.

కోర్టు పనిమీద మనోళ్ళతో పోయినప్పుడల్లా నన్ను అడిగే మాట ఒకటుంది. ‘అన్నా, ఈ జడ్జిని పెట్టిందెవురు? ఎమ్మెల్యేతో చెప్పిస్తే పనైతాదా?’ దీనికి జవాబు తెలీకపోబట్టే, ‘జడ్జి దగ్గర మాట చెప్పిస్తా’ అని డబ్బులు గుంజే దళారులు బతుకుతాండారు. అందుకే ఈ లెక్క మనం తెలుసుకోవాల.

మన ఊరి కోర్టులో కూర్చునే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసి వస్తారు. పరీక్ష, ఇంటర్వ్యూ హైకోర్టు పెడతాది, నియామకం గవర్నర్ పేరుమీద జరుగుతాది. లాయరుగా 3 ఏండ్లు పనిచేసినోళ్ళే ఈ పరీక్ష రాయాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జిల్లా జడ్జిల్లో కొందరు ప్రమోషన్ మీద వస్తారు, కొందరు 7 ఏండ్లు లాయరుగా చేసి నేరుగా వస్తారు. కింది కోర్టు జడ్జిల బదిలీ, ప్రమోషన్, క్రమశిక్షణ అంతా హైకోర్టు చేతిలోనే. రాజ్యాంగం 235వ అధికరణం చెప్పేది ఇదే. ఇందులో ఎమ్మెల్యేకు గానీ కలెక్టరుకు గానీ చెయ్యి పెట్టే సందు లేదు.

హైకోర్టు జడ్జిల దారి వేరే. హైకోర్టు చీఫ్ జస్టిస్, ఇద్దరు సీనియర్ జడ్జిలు కూర్చుని పేర్లు పంపుతారు. దీన్నే కొలీజియం అంటారు. రాష్ట్ర ప్రభుత్వ అభిప్రాయం, సుప్రీంకోర్టు కొలీజియం, కేంద్రం అన్నీ దాటినాక రాష్ట్రపతి సంతకం. దీని బదులు ఒక కమిషన్ పెట్టాలని 2014లో పార్లమెంటు చట్టం చేస్తే, 2015 అక్టోబర్ 16న సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం చేతికి పోకపోవడం మంచిదే అంటాను. కానీ జడ్జిలే జడ్జిలను ఎంచుకునేటప్పుడు ఆ గది తలుపు మూసుకొని ఉండకూడదు. ఎవుర్ని ఏంటికి తీసుకున్నారో, ఎవుర్ని ఏంటికి వద్దన్నారో జనానికి చెప్పాల.

ఇంక జీతం. జూనియర్ సివిల్ జడ్జి మూల వేతనం 77,840 రూపాయలతో మొదలైతాది. మన తెలుగాయన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి నడిపిన రెండో జాతీయ న్యాయ వేతన కమిషన్ సిఫార్సు అది. హైకోర్టు జడ్జికి నెలకు 2,25,000, హైకోర్టు చీఫ్ జస్టిస్‌కు 2,50,000, భారత ప్రధాన న్యాయమూర్తికి 2,80,000. భత్యాలు, ఇల్లు, కారు వేరే. హైకోర్టు జడ్జిల జీతం రాష్ట్ర ఖజానా నుంచే పోతాది, కానీ దానిమీద అసెంబ్లీలో ఓటింగ్ ఉండదు. నియమించినాక వాళ్ళకు నష్టమయ్యేట్ల భత్యాలు, పింఛను మార్చకూడదు.

ఇంత కాపలా ఏంటికి? మన జిల్లా మనిషి కథే చెప్తా. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, కర్నూలు జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకునింది. రాజకీయ కక్షతోనే చేసినారని బస్సుల ఓనర్లు కోర్టుకెక్కినారు. 1964లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి అఫిడవిట్ వెయ్యలేదనే సంగతిని ఎత్తిచూపింది. ఆయన రాజీనామా చేసినారు. అదే సంజీవరెడ్డి 1977లో రాష్ట్రపతి అయ్యి, జడ్జిల నియామకాల మీద సంతకం పెట్టే కుర్చీలో కూర్చున్నారు. జడ్జి జీతం ముఖ్యమంత్రి దయమీద ఆధారపడి ఉంటే అట్లాంటి తీర్పు రాసేది సులభమా? ఆ కాపలా పెట్టింది జడ్జి పెద్దోళ్ళకు భయపడకుండా ఉండేదానికి. అంతేగానీ, పేదోడు జడ్జికి భయపడేదానికి కాదు.

మర్యాద వేరు, భయం వేరు. జడ్జి వచ్చినప్పుడు లేచి నిలబడాల, ఫోను ఆపాల, ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు అడ్డం పోగూడదు. ఇవి ఎవురికైనా ఒకటే. ‘మై లార్డ్’ అనేది మాత్రం తెల్లదొరలు ఇడిచిపెట్టి పోయిన మాట. పెద్ద కోర్టుల్లో ‘యువర్ ఆనర్’, కింది కోర్టుల్లో ‘సార్’ లేదా దానికి సరిపోయే మన భాష మాట చాలని 2006లోనే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది. మనకు ‘అయ్యా’, ‘అమ్మా’ ఉండనే ఉన్నాయి. హైకోర్టులో ఇంగ్లీషు నడుస్తాది. కింది కోర్టులో ముద్దాయికి అర్థంగాని భాషలో సాక్ష్యం నడిస్తే, అర్థమయ్యే భాషలో అక్కడే చెప్పాలని చట్టముంది. అడిగితే తప్పు కాదు.

చివరగా ఒక మాట, ఇది అందరికీ చెప్పండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడోళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నోళ్ళకు లాయరును ఉచితంగా పెడతారు. ఆ జాబితాలో కరువు బాధితులు కూడా ఉన్నారు. అవును, ‘కరువు’ అనే మాట చట్టంలోనే ఉంది. అనంతపురం జిల్లాలో పుట్టినోనికి ఆ మాటకు అర్థం ఎవురూ చెప్పాల్సిన పనిలేదు. దళారికి ఇచ్చే డబ్బు జేబులోనే పెట్టుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు పోయి దరఖాస్తు పెట్టండి. అది ఎవురో పెట్టే భిక్ష కాదు, మన హక్కు.