కంప్యూటర్‌కూ వడదెబ్బ!

వేసవి మధ్యాహ్నం. బొంరాస్‌పేటలో మీ బడి కంప్యూటర్ పనిచేస్తూ చేస్తూ ఠక్కున ఆగిపోయిందనుకోండి. చల్లారాక మళ్లీ పనిచేస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఎందుకని?

దాని మెదడులాంటి ప్రాసెసర్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే, పాడైపోకుండా కంప్యూటరే ఆగిపోతుంది.

ప్రాసెసర్‌లో పుట్టిన వేడి పలుచని పేస్టు దాటి, లోహపు రెక్కల్లోకి పాకి, ఫ్యాను విసిరే గాలిలో కలిసిపోవాలి. గది 30 డిగ్రీలున్నప్పుడు 75కు చేరే ప్రాసెసర్, గది 42 ఉంటే అదే పనికి సుమారు 87కు చేరుతుంది. ఇక దారిలో ఏ అడ్డు వచ్చినా ప్రమాదమే.

అడ్డు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? కంప్యూటర్ ఆగిన వెంటనే ప్లగ్గు తీసి, ఉపాధ్యాయుల సమక్షంలో మూత తెరవండి. రెక్కల దగ్గర చెయ్యి పెట్టండి, తాకకండి.

సెగ కొడుతోందా? వేడి రెక్కల దాకా వచ్చింది, గాలి దాన్ని మోసుకుపోవడం లేదు. ఫ్యాను చెడి ఉండాలి, లేదా రెక్కల సందులు దుమ్ముతో పూడిపోయి ఉండాలి. తాండూరు నాపరాళ్ల పొడిలాంటి సన్నని దుమ్ము ఇందుకు చాలు. పొడి కుంచెతో దులపండి.

రెక్కలు చల్లగా ఉన్నాయా? వేడి అక్కడికి చేరనే లేదు. కూలర్ మరలు వదులయ్యాయి, లేదా పేస్టు ఎండిపోయింది. సిమెంటు సరిగా పడని నాపరాయి కింద డొల్ల ఏర్పడినట్టే, ఇక్కడా గాలి చేరుతుంది. గాలి ఉష్ణాన్ని సరిగా ప్రసరింపజేయదు. పాత పేస్టు తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టిస్తే చాలు. మందంగా పూస్తే అదే అడ్డుగోడ!

మరి ఆలోచించండి: లోహాన్ని ఒకే దిమ్మగా కాక పలుచని రెక్కలుగా ఎందుకు చేస్తారు?