నల్లరేగడి ఊళ్లకు సొంత తెర కావాలి

దక్షిణ తమిళనాడులోని విళాత్తికుళం, కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల వేల ఇళ్లలో మాట తెలుగు, చదువు తమిళం. ఇంటింటా టీవీ ఉంది. ఆ టీవీలో మాత్రం ఈ ఊళ్లు కనిపించవు. ప్రజల సొమ్ముతో నడిచే టెలివిజన్ ఎవరికి పనికిరావాలన్న ప్రశ్నకు ఈ నేల దగ్గర జవాబుంది.

2023 డిసెంబరు 17, 18 తేదీల్లో, విళాత్తికుళం ఉన్న తూత్తుక్కుడి జిల్లా మీద కనీవినీ ఎరుగని వాన పడింది. కాయల్‌పట్టినంలో ఒక్కరోజులో 95 సెంటీమీటర్లు కురిసింది. శ్రీవైకుంఠం స్టేషన్‌లో ఒక ఎక్స్‌ప్రెస్ రైలు వందలమంది ప్రయాణికులతో నీళ్ల నడుమ ఆగిపోయింది. దేశమంతా ఆ దృశ్యాలను టీవీల్లో చూసి అయ్యో అనుకుంది.

ఆ జిల్లా రైతుకు కావలసిన సమాచారం వేరు. వానకు ముందురోజు, ఏ చెరువు కట్ట బలహీనంగా ఉందో, గొడ్లను ఎటు తోలుకుపోవాలో ఎవరైనా చెప్పాలి. నీళ్లు తీశాక, పంటనష్టం ఎవరి దగ్గర రాయించుకోవాలి, ఇసుక మేట వేసిన చేలో మళ్లీ ఏం వేయొచ్చు, పరిహారం ఎప్పుడొస్తుంది అన్నవి వారాల తరబడి చెబుతూనే ఉండాలి. నీళ్ల దృశ్యాలు పాతబడగానే పెద్ద చానళ్లు ఇంకో చోటికి వెళ్లిపోతాయి. వెళ్లిపోకుండా అక్కడే ఉండాల్సిన టెలివిజన్ ఒకటుంది. అదే స్థానిక ప్రజా టెలివిజన్.

రాయని తెలుగు

విళాత్తికుళం వైప్పారు ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. చుట్టూ నల్లరేగడి. ఇక్కడివాళ్లు దాన్ని కరిసల్ అంటారు. ఈశాన్య రుతుపవనం మీద ఆశ పెట్టుకుని మినుము, పెసర, జొన్న, సజ్జ, పత్తి, మిరప వేసే మెట్ట సేద్యం వీళ్లది. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పరిశ్రమకూ, వేరుశెనగ చిక్కీకీ పేరుబడ్డది. శివకాశి బాణసంచా సంగతి చెప్పనక్కర్లేదు.

విజయనగర, మదురై నాయకుల కాలం నుంచి తెలుగువాళ్లు తండోపతండాలుగా ఈ నేలకు వచ్చి స్థిరపడ్డారు. కమ్మవారు, రాజకంబళ నాయకులు, రెడ్లు, అరుంధతియర్లు, రాజపాళయం రాజులు, ఇంకా ఎన్నో కులాలవాళ్ల ఇళ్లలో తెలుగే మాట. 1799లో కయత్తారులో ఉరికంబం ఎక్కిన పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన ఈ తెలుగువాళ్లలోనివాడే. 2011 జనగణన ప్రకారం తమిళనాడు జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 5.87 శాతం. అంటే నలభై లక్షలకు పైమాటే.

వీళ్లలో చాలామందికి తెలుగు అక్షరం రాదు. బడిలో తమిళమే చదువుకున్నారు, తమిళంలోనే రాస్తారు, అందులో గొప్ప పేరూ తెచ్చుకున్నారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తన జాతి వలసగాథను 'గోపల్ల గ్రామం' పేరుతో 1976లో తమిళ నవలగా రాశారు. దాని తర్వాతి భాగం 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కరిసల్ నేల మాటలను ఏరి నిఘంటువు కూర్చినవారూ ఆయనే.

ఈ పత్రికలో మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని, ఇందులో ఎవరి గురించి రాస్తున్నామో వాళ్లలో చాలామంది చదవలేరు. వాళ్లకు చదివి వినిపిస్తే ప్రతి మాటా అర్థమవుతుంది. పుస్తకం, పత్రిక, గోడమీది ప్రకటన చేరలేని చోటికి గొంతూ ముఖమూ చేరతాయి. రాత లేని భాషకు టెలివిజన్ ఎంత అవసరమో ఇక్కడ తెలుస్తుంది.

సెట్టు వచ్చింది, ఊరు రాలేదు

మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. మద్రాసు విళాత్తికుళానికి దాదాపు 600 కిలోమీటర్ల దూరం. 1982లో శ్రీలంక రూపవాహిని మొదలయ్యాక దక్షిణ తీరంలోని ఇళ్లవాళ్లు పొడవాటి యాంటెన్నాలు కట్టి సముద్రం అవతలి బొమ్మను పట్టుకున్నారు. సొంత రాష్ట్ర రాజధాని బొమ్మకంటే పరాయి దేశపు బొమ్మే ముందు చేరిన ఇళ్లు అవి. తర్వాత కొడైకెనాల్ కొండమీది ట్రాన్స్‌మిటర్ దక్షిణ జిల్లాలకు దూరదర్శన్‌ను అందించింది.

2006 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం ఉచిత కలర్ టీవీల పంపిణీ మొదలుపెట్టింది. అయిదేళ్లలో కోటిన్నరకు పైగా సెట్లు పంచింది. 2011లో ప్రభుత్వ కేబుల్ సంస్థను మళ్లీ నిలబెట్టి నెలకు 70 రూపాయలకే కనెక్షన్ ఇచ్చింది. సెట్టు ప్రజల సొమ్ముతో వచ్చింది, తీగా ప్రజల సొమ్ముతోనే వచ్చింది. ఆ తీగలో ఊరి ముచ్చట పంపే ఏర్పాటు మాత్రం ఎవరూ చేయలేదు.

హైదరాబాద్ చానళ్లు పెడితే తెలుగు వినిపిస్తుంది. అందులో కరిసల్ ఉండదు, ఇక్కడి యాస ఉండదు. చెన్నై చానళ్లు పెడితే జిల్లా పేరు ఎప్పుడైనా వినిపిస్తుంది. అందులో ఇంటి మాట ఉండదు. నానమ్మ తన మాటను తెరమీద ఎన్నడూ వినలేదు. మనవడు, తెరమీద లేని మాట పనికిరాని మాట అనుకుంటూ పెరుగుతాడు. భాష ఇంట్లో చచ్చిపోవడం అలాగే మొదలవుతుంది.

ఈ దేశం చేసి చూపించిన పని

ఊరి టెలివిజన్ మనకు కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఇస్రో, దూరదర్శన్ కలిసి సైట్ అనే ప్రయోగం చేశాయి. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీలు పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, బడిపాఠాలు చూపించారు. తెలుగు పల్లెలు తెలుగులోనే చూశాయి.

అదే కాలంలో గుజరాత్ ఖేడా జిల్లాలో ఇంకో అడుగు ముందుకు వేశారు. పీజ్ అనే పల్లెలో ఒక కిలోవాట్ ట్రాన్స్‌మిటర్ నిలబెట్టి, ఆ జిల్లా పల్లెల కోసం, అక్కడి మనుషులతో, అక్కడి సమస్యల మీద కార్యక్రమాలు తీశారు. రైతుకూలీల బాధలు, కుల వివక్ష, ఆడవాళ్ల కష్టాలు తెరమీదికి వచ్చాయి. 1984లో ఈ ప్రయోగానికి యునెస్కో గ్రామీణ సమాచార పురస్కారం దక్కింది. మరుసటి ఏడాదే ఆ ట్రాన్స్‌మిటర్‌ను విప్పి మద్రాసు నగరానికి రెండో చానల్ కోసం తరలించాలని ఉత్తర్వులు వచ్చాయి. పీజ్ జనం ఆందోళనకు దిగారు. ఒక పల్లె తన టీవీ కోసం వీధికెక్కిందంటే దాని విలువ చెప్పడానికి వేరే సర్వే అక్కర్లేదు. పల్లె దగ్గర తీసి పట్నానికి పెట్టే ఈ అలవాటే ఆ తర్వాత మన ప్రజా టెలివిజన్‌ను ఊళ్లకు దూరం చేసింది.

2004లో కేంద్ర వ్యవసాయ శాఖ మళ్లీ ఒక మంచి పని చేసింది. దూరదర్శన్ చిన్న ట్రాన్స్‌మిటర్లు 180 చోట్ల, ఆ ప్రాంతానికి మాత్రమే పనికొచ్చే వ్యవసాయ కార్యక్రమాలు ప్రసారం చేసే పథకం పెట్టింది. తర్వాత యాంటెన్నా ప్రసారాలకు కాలం చెల్లిందని, 2022 నాటికి కొద్ది చోట్ల తప్ప దేశమంతటా ఆ ట్రాన్స్‌మిటర్లను ఆపేశారు. సాంకేతికంగా ఆ నిర్ణయానికి కారణముంది. అయితే ఒక పట్టణం చుట్టూ ఉన్న పల్లెలతో మాత్రమే మాట్లాడే దారి కూడా వాటితోపాటు మూసుకుపోయింది. దాని బదులు ఇంకో దారి వేయలేదు.

కెమెరా పట్టడానికి చదువు అడ్డం కాదని తెలంగాణ ఆడవాళ్లు నిరూపించారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, అక్షరం రానివాళ్లు కూడా, వీడియో కెమెరాలు నేర్చుకుని విత్తనాల మీద, బీటీ పత్తి నష్టాల మీద సినిమాలు తీశారు. పైనుంచి కిందికి చూసే షాట్‌కు పటేల్ షాట్ అని పేరు పెట్టుకున్నారు. కళ్లకు సమానంగా నిలిపి తీసేదాన్ని సంఘం షాట్ అన్నారు. 2008లో మాచనూరులో వాళ్లు మొదలుపెట్టిన సంఘం రేడియో దేశంలో పల్లెవాసులు నడిపే రేడియోలకు దారి చూపింది. పస్తాపూర్‌లో సాధ్యమైంది విళాత్తికుళంలో ఎందుకు సాధ్యం కాదు?

వేల్స్ నేర్పిన పాఠం

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో వెల్ష్ భాష ఇంగ్లిష్ ఒత్తిడికి క్షీణిస్తున్న రోజుల్లో, వాళ్లు అడిగింది సొంత టీవీ చానల్. ఇస్తామన్న ప్రభుత్వం మాట తప్పితే, 1980లో గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు నిరాహార దీక్షకు కూర్చుంటానని ప్రకటించాడు. ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరు 1న ఎస్‌4సీ మొదలైంది. పిల్లల కార్యక్రమాలు, సీరియళ్లు, ఆటలు, వార్తలు అన్నీ వెల్ష్‌లో వచ్చాయి. భాష వంటింటి నుంచి బయటికి వచ్చి కొలువు చేసింది. న్యూజిలాండ్ మావోరీలు 2004లో తమ చానల్ సాధించుకున్నారు.

అమెరికా నుంచి రెండో పాఠం నేర్చుకోవాలి. అక్కడ 1967 చట్టంతో ఏర్పడిన ప్రజా ప్రసార సంస్థ ఊరూరా ఉన్న చిన్న స్టేషన్లకు నిధులిచ్చేది. 2025 జులైలో ఆ దేశ పార్లమెంటు 110 కోట్ల డాలర్ల నిధులను వెనక్కి తీసుకుంది. ప్రకటనల ఆదాయం దొరకని మారుమూల స్టేషన్లకే అందరికంటే ముందు ఊపిరాడని పరిస్థితి వచ్చింది. నగరానికి నాలుగు చానళ్లు పోయినా పది మిగులుతాయి. పల్లెకు ఉన్న ఒక్కటీ పోతే ఏదీ మిగలదు.

తెరకెక్కాల్సినవి ఎన్నో

విళాత్తికుళం తెరకు సరుకు కొదవ లేదు. ఎట్టయపురం దగ్గరి జమీన్ కోడంగిపట్టిలో రాజకంబళ నాయకుల దేవరాట్టం ఉంది. దేవదుందుభి మోగుతుంటే మగవాళ్లు చేత రుమాళ్లు, కాళ్లకు గజ్జెలతో అడుగులు వేస్తారు. ఢిల్లీ వేదికల మీద మెచ్చుకున్న ఆ ఆటను, దాన్ని ఆడే కుటుంబాల తెలుగు మాటలతో కలిపి చూపిస్తే పక్క ఊరి పిల్లవాడికి కూడా గర్వం కలుగుతుంది. ఒకే రాగాన్ని గంటల తరబడి పాడి సంగీత విద్వాంసుల చేత శభాష్ అనిపించుకున్న విళాత్తికుళం స్వామి కథ ఈ పట్టణం సొత్తు. పెళ్లిపాటలు, జోలపాటలు, ఏడుపు పాటలు ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి. పాళయంకోట్టై సెయింట్ జేవియర్స్ కళాశాలలో జానపద పరిశోధన ఉంది. వాళ్లతో చేయి కలిపితే ప్రతి కార్యక్రమం ఒక భద్రపరిచిన పత్రమవుతుంది.

పాటలతోనే సరిపోదు. కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1901లో పుట్టింది. మెట్ట పంటల మీద నూరేళ్లకు పైబడిన అనుభవం అక్కడ ఉంది. అక్కడి శాస్త్రవేత్త వారంవారం తెరమీదికి వచ్చి, రైతు అడిగినదానికి ఆ రైతు భాషలో జవాబు చెబితే, తొలి వానకు ఏ విత్తనం వేయాలో తెలిసి ఒక కారు పంట దక్కుతుంది. అగ్గిపెట్టెల, బాణసంచా పనుల్లో ఉన్న ఆడవాళ్లకు భద్రత గురించి, బీమా గురించి చెప్పాలి. తహసీల్దారు, పంచాయతీ అధ్యక్షులు కెమెరా ముందు కూర్చుని జనం ఫిర్యాదులకు జవాబివ్వాలి. అధికారి చెప్పిన మాట రికార్డయి ఉంటే మరుసటి వారం అడగడానికి ఆధారం ఉంటుంది.

చేతిలో ఫోన్ ఉంది, యూట్యూబ్ ఉంది, ఇంకా టీవీ ఎందుకని కొందరు అడుగుతారు. ఊళ్లలో కుర్రవాళ్లు తీస్తున్న వీడియోలు ముచ్చటగానే ఉన్నాయి. వాటిలో ఎక్కువమంది చూసేదే నిలుస్తుంది. పంటనష్టం నమోదు గడువు, టీకాల తేదీ, ముసలావిడ పాట ఎక్కువమంది చూసే సరుకు కావు. తప్పు చెబితే సరిదిద్దే బాధ్యత అక్కడ ఎవరికీ లేదు. స్థానిక కేబుల్ చానళ్లు ప్రకటనల మీద బతకాలి కాబట్టి సినిమా పాటలతో నింపుతాయి. లాభం చూసుకోకుండా, జవాబుదారీగా, ఏళ్ల తరబడి భద్రపరుస్తూ చేయాల్సిన పని ప్రజా సంస్థదే.

చట్టం చెప్పిందే అడుగుతున్నాం

1990 ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ ఈ బాధ్యతను రాతపూర్వకంగానే పెట్టింది. వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగిన చోటివ్వాలని, పల్లెలకు, వెనుకబడిన ప్రాంతాలకు సేవ చేయాలని, అల్పసంఖ్యాకుల ప్రత్యేక అవసరాలను దృష్టిలో పెట్టుకోవాలని అందులో ఉంది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రసార భారతి సదుపాయాల కోసం 2023 జనవరిలో కేంద్రం 2,539 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. డబ్బు లేదనడానికి వీల్లేదు, చట్టం ఒప్పుకోదనడానికీ వీల్లేదు.

అడుగుతున్నది చిన్నదే. డీడీ తమిళ్‌లో దక్షిణ జిల్లాల తెలుగువాళ్ల కోసం వారానికి అరగంట. అది చెన్నై స్టూడియోలో కాక ఈ ఊళ్లలోనే తీయాలి. ఈ ఊళ్ల యువతీయువకులకే కెమెరా నేర్పాలి. హైదరాబాద్ వార్తల తెలుగులోకి మార్చకుండా ఇక్కడి యాసనే వినిపించాలి. కింద తమిళంలో అనువాదం వేస్తే పక్కింటి తమిళ కుటుంబమూ చూస్తుంది. శతాబ్దాలుగా కలిసి బతికిన రెండు భాషలు ఒకే తెర మీద కలుస్తాయి. ప్రభుత్వ కేబుల్ దాన్ని ప్రతి ఇంటికీ చేర్చగలదు.

ఆంధ్ర, తెలంగాణ పాఠకులకు ఒక మాట. సరిహద్దు అవతలి తెలుగు గురించి సభల్లో బాధపడటం చాలించి, ప్రసార భారతికి ఉత్తరాలు రాయండి, మీ పార్లమెంటు సభ్యుల చేత ఈ అరగంట గురించి సభలో అడిగించండి. విళాత్తికుళం పెద్దలకు ఇంకో మాట. తెర వచ్చేదాకా ఆగకుండా, ఇంట్లో ఉన్న ఫోన్‌తోనే నానమ్మ పాటను, తాత చెప్పే వలసకథను ఈ వారమే రికార్డు చేయించండి. ప్రజల డబ్బుతో కొన్న టీవీలో ప్రజల ముఖం కనిపించాలని అడగడం ఎవరి దయకోసమో చేసే వినతి కాదు. అది మన హక్కు.