ఊరు మారితే దుమ్ము గుణమూ మారుతుంది

బళ్లారి ప్రాంతపు పల్లెల వారికి ఎర్ర దుమ్ము కొత్త కాదు. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆ జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపివేసే వరకు ఖనిజ లారీలు బాటకిరువైపులా చేలనూ, ఇళ్లనూ ఒకే రంగుతో కప్పివేసేవి. తరువాత షరతులతో గనులు మళ్లీ తెరుచుకున్నాయి. కంటికి కనిపించే దుమ్మే ఎక్కువ చెరుపు చేస్తుందని మనకొక నమ్మకం. అది సగమే నిజం.

గాలిలోని కణాలను సాధారణంగా బరువును బట్టి కొలుస్తారు. 2.5 మైక్రాన్ల లోపు సూక్ష్మకణాలు ఘనమీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించరాదని 2009లో మన దేశం ప్రమాణం నిర్ణయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే. సీసం, ఆర్సెనిక్, నికెల్ లోహాలకు మన ప్రమాణాలలో విడి హద్దులున్నవి గాని, మారుమూల పల్లెకు వచ్చి వాటిని కొలిచేదెవరు? తక్కెడ బరువును చెబుతుందే తప్ప, తూగినది ఉప్పో విషమో చెప్పదు. యానాం వైపు వీచే సముద్రపు గాలిలోని ఉప్పు కణాలు, డీజిల్ మసి ఒకే తూకం తూగినా ఊపిరితిత్తులకు ఒకటి కావు. డీజిల్ పొగ కాన్సర్ కారకమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో ప్రకటించింది. ఐరోపా గాలిపై 2020లో వెలువడిన ఒక పరిశోధన కూడా ఈ తేడానే చూపినది. బరువులో మట్టి ధూళి వంటివి పెద్ద భాగమైనా, శరీర కణాలను దెబ్బతీసే రసాయన శక్తి ఎక్కువగా కట్టెల పొగ నుండి, వాహనాల బ్రేకుల అరుగుదలలో రాలే లోహాల నుండి వస్తున్నదని తేలింది.

ఇనుప ధూళిలో మరొక చిక్కు ఉన్నది. ఖనిజంలోని ఇనుము నీటిలో సులభంగా కరగదు. కనుక దాని ప్రభావం కొంత మందగిస్తుంది. బొగ్గు మండినప్పుడు వెలువడే గంధకపు వాయువు గాలిలో ఆమ్లంగా మారి కణాలపై చేరినచో, అదే ఇనుము కరిగే రూపం దాల్చి ఊపిరితిత్తులలో చురుకుగా పనిచేస్తుంది. గని, బొగ్గు కొలిమి పక్కపక్కన ఉన్నచోట ఈ రెండింటి కలయికే ఎక్కువ భయపెట్టేది.

కంకర మిషన్ల దుమ్ము కథ వేరు. రాతి పొడిలోని సిలికా ఊపిరితిత్తులలో మచ్చలు కట్టి సిలికోసిస్‌ను తెస్తుంది; అది ఒకసారి వస్తే మానదు. ఎక్స్‌రేలో అది క్షయవ్యాధిలా కనిపించడం కద్దు. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదమూ ఎక్కువే. అందువలన దగ్గుతో ఆసుపత్రికి వెళ్లిన వారు తాము చేసిన పని ఏమిటో, ఎన్నేళ్లు చేశారో డాక్టరుకు ముందుగా చెప్పవలెను. సరిహద్దు దాటి కూలికి వెళ్లినవారైతే ఏ ఊరి క్వారీలో పనిచేశారో కూడా తెలుపవలెను.