పుట్టిన చోటు, పెరిగే చోటు

కష్టపడితే ఎవరైనా పైకొస్తారంటాం, మళ్లీ రాసిపెట్టి ఉంటేనే అన్నీ కలిసొస్తాయనీ అంటాం. ఆ రాత పుట్టుకే అనుకున్నా, దాని ప్రభావం ప్రసవం రోజుతో తీరిపోయేది కాదు. బడి ఎంత దూరం, టీచరు రోజూ వస్తున్నాడా, ఇరుగుపొరుగులో కాలేజీ ముఖం చూసినవారున్నారా అన్న రూపంలో అది ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. అందువల్లే దాన్ని మార్చే వీలూ ఉంది, ముఖ్యంగా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు.

ఇందుకు బలమైన రుజువు అమెరికాలో దొరికింది. అక్కడి ప్రభుత్వం 1994–98 మధ్య షికాగో, న్యూయార్క్ సహా ఐదు నగరాల్లో, దరఖాస్తు చేసుకున్న సుమారు 4,600 పేద కుటుంబాలకు లాటరీ తీసింది. ఒక వర్గానికి పేదరికం తక్కువున్న పేటల్లో అద్దెకు ఉండేందుకు సాయం చేసింది. తల్లిదండ్రుల సంపాదన పెద్దగా పెరగకపోవడంతో తొలి ఫలితాలు నిరాశపరిచాయి. ఆ ఇళ్ల పిల్లలు ఎదిగాక, 2015లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం పన్ను రికార్డులు తిరగేసింది. పదమూడేళ్లలోపు పేట మారినవారు, ఈ సాయం దక్కని ఇళ్ల పిల్లలకన్నా ఇరవై ఐదేళ్ల ప్రాంతంలో 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నట్టు తేలింది. ఆ వయసు దాటి వెళ్లినవారికి ఈ మేలు కనబడలేదు. చురుకైన తల్లిదండ్రులే మంచి పేటకు మారి ఉంటారని అనడానికి లేదు, ఎవరికి సాయమో తేల్చింది చీటీ.

మరి అంబేడ్కర్ ఎదగలేదా అని అడుగుతారు. ఆ మేధ, ఆ పట్టుదల పూర్తిగా ఆయనవే. అయితే 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి ఆయన్ను చేర్చింది బరోడా మహారాజు ఉపకారవేతనం. అంత తెలివీ ఉండి అలాంటి వేతనం దక్కని పిల్లల పేర్లు చరిత్రకెక్కలేదు. గెలిచినవారినే లెక్కపెడితే దారి అందరికీ తెరిచే ఉన్నట్టు కనిపిస్తుంది.

మన కాలంలోనూ ఇదే కథ. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ భువనగిరి గుట్టమీద తాడు పట్టడం నేర్చి, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. గుండెధైర్యం ఆమెది, శిక్షణా, ప్రయాణమూ గురుకులం సమకూర్చినవి. ఆ గురుకులాల్లో ఐదో తరగతి సీటుకు ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో తప్పిన పదేళ్ల పిల్ల పాత బడికే తిరిగి వెళ్తుంది. గురుకులాలు గొప్ప పని చేశాయి, కానీ పరీక్ష దాటినవారికే మంచి బాల్యం దక్కడం అన్యాయం. టీచర్లూ పుస్తకాలూ ఆటస్థలమూ ఆ పిల్ల ఉన్న ఊరి బడికే రావాలి, అదీ ఆమెకు పదమూడేళ్లు నిండేలోపు.