కళాశాల చరిత్రశాఖలో పాఠ్యక్రమ నిర్ణయము - నాయకరాజ్యముల పాఠమొక ఉదాహరణము

తమిళనాట తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఒక ఫిర్యాదు తరచుగా వినబడుచుండును. మధురలోను తంజావూరులోను తెలుగు కవులతో నిండిన రాజసభలు వర్ధిల్లినను, అచ్చటి కళాశాలలలో చరిత్ర చదువు విద్యార్థులకు అవి కొలది పుటలలోనే ముగిసిపోవుచున్నవని దాని సారాంశము. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. అయితే ఆ పుటలను పెంచుటకుగాని తగ్గించుటకుగాని ఒక నియతమైన మార్గము కలదు. దాని నెఱిగినవారు తక్కువ. ఎఱుగక వ్రాయు విజ్ఞప్తులు చాలవఱకు తప్పు గుమ్మము ముందు నిలిచిపోవుచుండును.

మొట్టమొదట తెలియవలసినది కళాశాల తరగతి. సాధారణమైన అనుబంధ కళాశాలకు తన పాఠ్యక్రమమును తాను నిర్ణయించుకొను అధికారము లేదు. విశ్వవిద్యాలయమునందలి పాఠ్యనిర్ణయ సంఘము, అనగా బోర్డ్ ఆఫ్ స్టడీస్, నిర్ణయించినదానినే అది బోధింపవలెను. యానాం కళాశాలకు ఈ నిర్ణయము పుదుచ్చేరినుండి వచ్చును. షోలాపురపు కళాశాలలు 2004 వఱకు కొల్హాపురపు శివాజీ విశ్వవిద్యాలయముతో ముడిపడియుండి, ఆ సంవత్సరమున షోలాపురముననే విశ్వవిద్యాలయ మేర్పడగా దాని పరిధిలోనికి వచ్చినవి. మిల్లులను, మగ్గములను నమ్ముకొని అచ్చట స్థిరపడిన పద్మశాలీల చరిత్రను పాఠముగా గోరువారికి అర్జీ చేరవలసిన చోటు అంతటితో మారిపోయినది.

స్వయంప్రతిపత్తి గల కళాశాల సంగతి వేఱు. కొఠారీ విద్యాసంఘము 1966లో సమర్పించిన నివేదికలో ఇట్టి కళాశాలలు వలెనని సూచించెను. మద్రాసు క్రైస్తవ కళాశాల, లయోలా కళాశాల మున్నగునవి 1978లో ఆ ప్రతిపత్తిని పొందినవి. ఇందు పట్టమిచ్చునది విశ్వవిద్యాలయమే. పాఠ్యక్రమమును రచించి, పరీక్ష జరుపునది మాత్రము కళాశాల. కావున చరిత్రశాఖలోని అధ్యాపకులు నలుగురైదుగురు కూర్చుండి వ్రాసిన చిత్తుప్రతియే కాలక్రమమున పాఠ్యక్రమము కాగలదు.

అట్టి కళాశాల యొకదానిలో నాయకరాజ్యములను గూర్చి ఒక క్రొత్త పత్రము ప్రవేశపెట్టవలెనని శాఖ సంకల్పించినదనుకొందము. మొదటి అడ్డంకి గడియారమే. విశ్వవిద్యాలయ నిధుల సంఘపు లెక్కలో ఒక క్రెడిట్టుకు 15 గంటల బోధన. నాలుగు క్రెడిట్ల పత్రమునకు 60 గంటలు. తమిళనాటి వాడుక ననుసరించి దానిని ఐదు భాగములుగా విభజించినచో భాగమునకు 12 గంటలు మాత్రము లభించును. విజయనగర సామ్రాజ్యపు అమరనాయక పద్ధతికి ఒక భాగము, మధురకు ఒకటి, తంజావూరునకు ఒకటి, దేవాలయములకును సాహిత్యమునకును ఒకటి, వర్తకులకును మిషనరీలకును ఒకటి అని పంచగానే పాత్ర నిండిపోవును. ఇక జింజి నాయకులకు చోటెక్కడ? ఏ చిత్తుప్రతినైన మొదట బాధించునది శత్రువులు కారు, ఈ కొలతయే.

రెండవ చిక్కు పత్రపు స్థానమునకు సంబంధించినది. పట్టమునకు వలసిన మొత్తము క్రెడిట్లు ముందే నిర్ణయింపబడి యుండును గనుక, క్రొత్తదానిని ప్రధాన పత్రముగా జేర్పవలెనన్న పాతదొకటి తొలగవలెను. ఎవరి పత్రము తొలగునో ఆ అధ్యాపకుడు సమావేశములో మౌనముగా నుండడు. అందుచేత సాధారణముగా క్రొత్త పత్రము ఐచ్ఛికముల పట్టికలో చేరును. పేరు అచ్చులో కనబడినందుకు కోరినవారు సంతోషింతురు. కాని ఐచ్ఛికమును ఎన్నుకొను విద్యార్థులు చాలనిచో అది నడువదు. బోధించువారు పదవి విరమించినచో పట్టికలోనే నిద్రించును. దానికంటె అందఱును చదువు దక్షిణభారత చరిత్ర పత్రములో పండ్రెండు గంటల భాగ మొకటి సంపాదించుట మేలు. ఐచ్ఛిక పత్రమున గౌరవము హెచ్చు; ప్రధాన పత్రమునందలి భాగమున ప్రయోజనము హెచ్చు.

శాఖలో అంగీకారము కుదిరిన పిదప చిత్తుప్రతి పాఠ్యనిర్ణయ సంఘము ముందునకు వచ్చును. విశ్వవిద్యాలయ నిధుల సంఘపు నిబంధనల ప్రకారము, శాఖాధ్యక్షుడు దీనికి అధ్యక్షుడు. శాఖాధ్యాపకులతోపాటు మాతృ విశ్వవిద్యాలయమునకు వెలుపలి నిపుణు లిరువురు, కళాశాల పంపిన పట్టికనుండి వైస్ ఛాన్సలరు నియమించు నిపుణుడొకడు, ఉద్యోగరంగమునకు చెందినవా డొకడు, ఆ కళాశాలలో చదివి పేరుపొందిన పూర్వవిద్యార్థి యొకడు ఇందు సభ్యులు. ఈ చివరి స్థానమును ప్రిన్సిపాలు పూరించును. తమ పిల్లలు దశాబ్దములుగా చదివిన కళాశాలలో పూర్వవిద్యార్థి కొక కుర్చీ కలదని చాల సమాజములకు తెలియనే తెలియదు.

సంఘపు చర్చలలో మొదట తేలవలసినది పేరు. ‘తమిళనాట తెలుగు రాజులు’ అన్న శీర్షికతో పత్రము వచ్చినచో వెలుపలి నిపుణులు ఆక్షేపింతురు, ఆ ఆక్షేపణ న్యాయమైనదే. తిరుమల నాయకుడు తమిళదేశపు దేవాలయములకు మండపములు కట్టించెను. రఘునాథ నాయకుని ఆస్థానమున సంస్కృతమును తెలుగును సమముగా వెలసినవి. ఆయనను గూర్చి రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయమును రచించెను, కుమారుడు విజయరాఘవ నాయకుడు తెలుగున వ్రాసెను. 1673లో తంజావూరు నాయకరాజ్యమును కూల్చినది మధుర నాయకుడగు చొక్కనాథుడే. ఒక భాషవారి వంశగౌరవముగా వ్రాసిన పాఠమునందు ఈ యుద్ధమునకు చోటు దొరకదు. ‘నాయకరాజ్యములు’ అని పేరుపెట్టినచో తెలుగు కవియు, తమిళ శిల్పియు, జెస్యూట్ లేఖయు ఒకే పుటలో ఇముడగలవు.

తరువాతి ప్రశ్న కఠినమైనది. విద్యార్థి దేనిని చదువును? మధుర నాయకులపై సత్యనాథ అయ్యరు గ్రంథము 1924లోను, తంజావూరు నాయకులపై వృద్ధగిరీశన్ గ్రంథము 1942లోను వెలువడినవి. 1992లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యంగార్ల గ్రంథము నాయకయుగ విచారమునే క్రొత్తదారి పట్టించెను. ఇవన్నియు ఆంగ్లమున నున్నవి. మూలాధారములలో ముఖ్యమైనవి తెలుగున నున్నవి. తమిళ మాధ్యమమున చదువు విద్యార్థికి ఆ లిపియే తెలియదు. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో విజయనగర చరిత్రాధారములను సంకలించినప్పుడును, నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్యగార్లు 1946లో మఱి మూడు సంపుటములను వెలువరించినప్పుడును తెలుగు కావ్యభాగములను చరిత్రకారుల ముందుంచిరి. రాయవాచకమును ఫిలిప్ వాగనర్ 1993లో ఆంగ్లీకరించి, అది మధుర నాయకుల ఆస్థానమున వెలసి యుండునని వాదించెను. పాఠ్యనిర్ణయ సంఘమును ఒప్పించునవి ఇట్టి అనువాదములే. గ్రంథాలయమున లేని పుస్తకమును పాఠ్యక్రమమున జేర్చుటకు అనుభవము గల సభ్యుడెవ్వడును సమ్మతింపడు.

ఇచ్చటనే తెలుగు సమాజములు చేయదగిన పని కనబడుచున్నది. మహజరులకంటె ఇరువది పుటల తమిళానువాదము బలమైనది. తంజావూరు సరస్వతీ మహలులోని తెలుగు గ్రంథములనుండిగాని, మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారములోని కైఫీయతులనుండిగాని తరగతికి తగిన భాగములను ఏర్చి, సరళమైన తమిళమున అర్థము వ్రాసి యిచ్చినచో శాఖాధ్యక్షుని చేతికి సాధన మొకటి దొరకును. రెండు భాషలును ఇంటిభాషలుగా గలవారు తమిళనాటి తెలుగువారే. మఱియొకరు ఈ పనికి వత్తురని ఎదురుచూచుట వ్యర్థము.

ప్రశ్నపత్రమును ఎవరు కూర్తురు, జవాబులను ఎవరు దిద్దుదురు అను విషయములను సంఘము త్వరగానే తేల్చుకొని, తీర్మానమును విద్యాపరిషత్తునకు పంపును. ప్రిన్సిపాలు అధ్యక్షతన అన్ని శాఖల అధ్యక్షులును, వెలుపలి విద్వాంసులును, విశ్వవిద్యాలయ ప్రతినిధులును ఇందు కూర్చుందురు. రసాయనశాస్త్రాచార్యుడు చొక్కనాథుని గూర్చి ప్రశ్నింపడు. గంటల మొత్తము సరిపోయినదా, ఇదే విషయము వేఱొక పత్రమున కలదా అని మాత్రము చూచును. పరిషత్తు యథాతథముగా ఆమోదింపవచ్చును, సవరింపవచ్చును. అంగీకరింపనిచో కారణములను తెలిపి మరల పాఠ్యనిర్ణయ సంఘమునకు పంపుటకో, త్రోసిపుచ్చుటకో దానికి అధికారము కలదు. ఆ కారణములు వ్రాతమూలకముగా నుండుట శాఖకు మేలే. వాటి ననుసరించి దిద్దిన చిత్తుప్రతి తరువాతి సమావేశమునకు మరల రావచ్చును.

ఆమోదము లభించినను పాఠము వెంటనే తరగతికి రాదు. క్రొత్త క్రమము సామాన్యముగా తరువాతి విద్యాసంవత్సరమున చేరువారితో ప్రారంభమగును. ముందే చేరినవారు పాతక్రమమున చదివి వెళ్ళుదురు. ఆ భాగము మూడవ సంవత్సరపు పత్రములో నున్నచో, తీర్మానము జరిగిన మూడవ యేటగాని మధుర నాయకుల పేరు నల్లబల్లపైకి ఎక్కదు. నేడు విజ్ఞప్తి వ్రాయువారు ఇంకను పాఠశాలలో చదువుచున్న పిల్లలకొఱకు వ్రాయుచున్నారన్నమాట.