డేగవేట మాటలు

భద్రాచలమున రామదర్శనము చేసికొని పర్ణశాలకు పోవు యాత్రికునికి స్థానికులు ఒక పక్షి కథ చెప్పక విడువరు. ఆలయమునకు సమీపమున ఉన్న ఏటపాక జటాయువు నేలకొరిగిన చోటట. ఆ పక్షి రెక్క తెగి పడిన ఊరు రేఖపల్లి యట. 2014లో ఈ ఊళ్ళు ఆంధ్రప్రదేశమున చేరినవి గాని కథ భద్రాచలమును విడిచి పోలేదు. ఒక పక్షిని ఊళ్ళ పేర్లలో ఇంతకాలము నిలుపుకొన్న ప్రజలు, ముంజేతిపై నిలుపుకొని వేటాడించిన పక్షుల పేర్లను మాత్రము జారవిడిచిరి.

తరగతిలో ప్రబంధము చెప్పు ఉపాధ్యాయునికి ఈ నష్టము బాగుగా తెలియును. వేట వర్ణనలో 'సాళువము' అను మాట వచ్చును. విద్యార్థి అర్థము అడుగును. నిఘంటువు తీసిన 'పక్షివిశేషము' అని యుండును. అది అర్థము కాదు. అర్థము చెప్పకుండ తప్పించుకొను ఉపాయము. ఏ పక్షి? ఎంతటిది? దేనిని పట్టును? ఆ ప్రశ్నలకు జవాబు లేనినాడు పద్యములోని పక్షి ఎగురదు.

సాళువము వేటకు మరపిన డేగ. మధుర సుల్తానులపై కుమార కంపరాయలు సాగించిన దండయాత్రలో పేరుపొందిన మంగు సేనానికి ఈ పక్షి పేరే బిరుదైనది. 'కఠారిసాళువ' అని కూడ ఆ వంశమువారు చెప్పుకొనిరి. ఆ వంశమున పుట్టిన సాళువ నరసింహరాయలు 1485 నుండి 1491 వరకు విజయనగరమును ఏలెను. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినీభారతమును అంకితమిచ్చినది ఈయనకే. ఒక రాజవంశమునకు పేరిచ్చిన పక్షి నేడు బడిపిల్లలకు అపరిచితము!

ఈ వేట తురుష్కులతో వచ్చినదని కొందరు తలచుట పొరపాటు. డేగను విడిచి ఆడు వేటకు 'శ్యైనంపాత' అను పేరు సిద్ధించు విధమును పాణిని వ్యాకరణమే చెప్పుచున్నది. కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు సుమారు 1130 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున రాజవినోదములలో శ్యేనవినోదము ఒకటి. పారసీకులు తెచ్చినది వేట కాదు, క్రొత్త పరిభాష. వారి మాటలు చక్కగా పొదిగినవి. నల్లకన్నుల పక్షులు 'సియాహ్ చష్మ్', పసుపు లేక ఎఱ్ఱ కన్నుల పక్షులు 'గులాబ్ చష్మ్'. ఇది కేవలము కన్నుల ముచ్చట కాదు. నల్లకన్నుల బైరి, షాహీన్ పొడవైన రెక్కలతో ఆకాశమున కెక్కి పిడుగువలె దిగి కొట్టును. వానికి బయలు కావలెను. గులాబికన్నుల షిక్రా పొట్టిరెక్కలతో చెట్ల నడుమ దూరి తరుమును. కన్ను చూచిన చాలు, వేటగాడు ఏ నేలపై ఏ పక్షిని విడువవలెనో చెప్పగలడు.

వేటపక్షులలో ఆడుదే పెద్దది, బలమైనది. కనుక మగదానికి వేరు పేరు పెట్టిరి: ఆడుది బాజ్, మగది జుర్రా; ఆడుది షిక్రా, మగది చిపక్. ఆంగ్లేయులు మగపక్షిని 'టెర్సెల్' అనిరి. మూడవవంతు చిన్నదని భావము.

మరి తెలుగువారి మాట? నెల్లూరున వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ దొర 1862-64లో ప్రకటించిన భారతదేశపు పక్షుల గ్రంథమున మన పేర్లను కూడ చేర్చెను. బైరిడేగ, లగడు, జాలిడేగ అందు కలవు. జాలిడేగయే షిక్రా. ఖమ్మం, భద్రాచలం అడవులలో నేటికిని కనబడునది ఇదియే. దీనిని వేటగాడు గుప్పిట పట్టి, కౌజుపిట్ట లేచినంతనే బల్లెము విసరినట్లు విసరెడివాడు. మరపుటకు ముందు కనురెప్పలు దారముతో కుట్టుట, కన్నులకు తోలు కుళ్ళాయి తొడుగుట, కాళ్ళకు తోలుపట్టెలు, గజ్జెలు కట్టుట, పొడుగుపాటి దారముతో విడిచి పిలుచుట – ఇదంతయు నెలల తరబడి సాగు పని. రెప్పలు కుట్టుట క్రూరమే. దానిని కప్పిపుచ్చి ఈ విద్యను పొగడుట న్యాయము కాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఈ పక్షులను పట్టుట నేరమైనది. అట్లగుట మేలే. 2010లో యునెస్కో కొన్ని దేశముల డేగవేటను మానవ వారసత్వముగా గుర్తించినది. తరువాత మరికొన్ని దేశములు చేరినవి, మనది చేరలేదు. కాని వేట పోయినందున మాట పోవలసిన పనిలేదు. అంబులపొదితో యుద్ధము చేయువారు నేడెవ్వరును లేరు. ఆ మాట అర్థము ప్రతి విద్యార్థికిని తెలియును.

'డేగకన్ను' మాత్రము పత్రికలలో బ్రతికియున్నది. గోదావరి దిగువకు పోయి సంక్రాంతినాడు విచారించిన, డేగ గెలిచినదని, కాకిడేగ ఓడినదని విందుము. అక్కడ డేగ యనగా పందెపుకోడి. దాని ఈకల రంగునుబట్టి వచ్చిన పేరు.